కయూగా చలిని మోస్తున్నాను

నేను దళసరి పాలిథిన్ గొట్టాన్ని. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, ఇథాకా ఊరిని ఆనుకుని ఉన్న కయూగా సరస్సు అడుగున మూడు కిలోమీటర్లకు పైగా చాచుకుని పడుకున్నాను. నా అడ్డుకొలత ఐదడుగుల పైమాటే. నోరు 250 అడుగుల లోతున ఉంది. వేసవిలో కొండమీది కార్నెల్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలు, గ్రంథాలయాలు, తరగతి గదులు చల్లగా ఉంటున్నాయంటే చాలావరకు నా వల్లే. 2000 జూలై నుంచి నా పని ఇదే.

నేను చలిని తయారుచేయను. ఉన్నదాన్ని మోసుకొస్తాను, అంతే. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువెక్కుతుంది. ఇక్కడి చలికాలం సరస్సు పైనీటిని అంత చల్లబరిస్తే, అది బరువెక్కి అడుగుకు దిగుతుంది. ఎండాకాలంలో పైపొర వేడెక్కి తేలికై పైనే ఉండిపోతుంది, దాని వేడి కిందికి దిగదు. ఒడ్డున పిల్లలు ఈతలు కొట్టే జూలైలో కూడా నా నోటి దగ్గర నీరు నాలుగైదు డిగ్రీలే. పాతర వేసిన ధాన్యంలా పోయిన చలికాలం అక్కడ భద్రంగా ఉంటుంది. వేల ఏళ్ల కిందట హిమనదాలు ఈ లోయను లోతుగా తొలిచి ఉండకపోతే ఈ సౌకర్యమే లేదు.

నాకు ముందు ఈ పని చిల్లర్లు, అంటే నీటిని చల్లబరిచే యంత్రాలు, చేసేవి. అవి కరెంటును విపరీతంగా తాగేవి. వాటిలో చాలావాటికి క్లోరోఫ్లోరోకార్బన్లు కావాలి. ఓజోన్ పొరను తినేస్తున్నాయని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ఆ రసాయనాలకు చరమగీతం పాడింది. పాత చిల్లర్ల చోట కొత్తవి కొనడం తేలిక దారి. కానీ విశ్వవిద్యాలయ ఇంజినీర్లు కొండ దిగి సరస్సు దాకా వచ్చారు. సుమారు 5.8 కోట్ల డాలర్లు ఖర్చయింది. చల్లదనానికి అయ్యే కరెంటులో 86 శాతం దాకా తగ్గింది.

పాలిథిన్ నీటిమీద తేలుతుంది. అందుకని నాకు కాంక్రీటు దిమ్మలు తొడిగి, లోపలికి నీళ్లు నింపుతూ నన్ను ముంచారు. నేను తెచ్చే నీరు కొండ ఎక్కుతుందని చాలామంది అనుకుంటారు. ఎక్కదు. ఒడ్డున ఒక భవనం ఉంది. అందులో స్టెయిన్‌లెస్ స్టీలు రేకులు వరసగా పేర్చి ఉంటాయి. రేకుకు ఒకవైపు సరస్సు నీరు, రెండోవైపు క్యాంపస్ నుంచి దిగివచ్చిన వెచ్చటి నీరు. రెండూ ఒకదాన్నొకటి తాకవు. వేడి మాత్రం రేకు దాటి ఇటు వస్తుంది. చల్లబడిన క్యాంపస్ నీరు మళ్లీ పైకి పోతుంది. అది మూసిన వలయం కాబట్టి, దిగే నీటి బరువే ఎక్కే నీటికి సాయం. పంపులు రాపిడిని మాత్రమే గెలవాలి. ఇంత పొదుపుకు ఈ అమరిక కూడా ఒక కారణం. ఊళ్లోని ఇథాకా హైస్కూలుకూ ఈ చల్లదనం అందుతోంది. అది నాకు మరింత ఇష్టమైన సంగతి. విశ్వవిద్యాలయం చేసిన మంచి పని దాని గేటు దగ్గరే ఆగిపోకూడదు.

నా మీద ఊరివాళ్లకు అనుమానాలు లేకపోలేదు. అవి న్యాయమైనవే. వేడెక్కిన నీటిని సరస్సు దక్షిణపు కొసన, లోతు తక్కువగా ఉన్నచోట వదులుతారు. ఆ వేడి ఏడాదికి కొన్ని గంటల ఎండతో సమానం, చలికాలంలో అది ఆరిపోతుంది. అసలు భయం భాస్వరం గురించి. వేసవిలో పైనీటి కన్నా అడుగునీటిలో కరిగిన భాస్వరం ఎక్కువ. దాన్ని నిస్సారమైన పైనీటిలోకి తెచ్చిపోస్తే నాచు పెరగదా అని వాళ్లు అడిగారు. సరస్సులో చేరే భాస్వరంలో అత్యధిక భాగం పొలాల మీదుగా పారే వాగుల నుంచే వస్తుంది, నా వాటా చిన్నది. అయినా, చిన్నదే కదా అని మాట దాటేయడం తగదు. నా అనుమతిని పొడిగించేటప్పుడు సరస్సు నీటిని సమగ్రంగా అధ్యయనం చేయాలని రాష్ట్ర పర్యావరణ శాఖ షరతు పెట్టింది. ఆ ఖర్చును విశ్వవిద్యాలయం భరించింది. ఇక్కడి ఆదివాసులైన కయూగా ప్రజల పేరు మోస్తున్న ఈ సరస్సు ఏ ఒక్క సంస్థ సొత్తూ కాదు. ఇక్కడినుంచి తీసుకునేవాళ్లు లెక్క చెప్పాల్సిందే.

తర్వాత 2004లో టొరంటో నగరం అంటారియో సరస్సు అడుగు నీటితో తన భవనాలను చల్లబరచుకోవడం మొదలుపెట్టింది. అన్ని ఊళ్లకూ ఇది కుదరదు. వేడిదేశాల జలాశయాల అడుగున ఇంత చలి ఉండదు. అక్కడి నేల ఏమిస్తుందో అక్కడివాళ్లే వెతుక్కోవాలి.

అయితే ఇథాకాలో పెద్ద ఖర్చు చల్లదనానిది కాదు, వెచ్చదనానిది. ఇక్కడి చలికాలం నెలల తరబడి సాగుతుంది. కార్నెల్ 2011లో బొగ్గు మానేసింది, కానీ భవనాలను వెచ్చబరచడానికి ఇప్పటికీ సహజవాయువును మండిస్తోంది. 2035 నాటికి కర్బన తటస్థత సాధిస్తామని మాట ఇచ్చిన సంస్థకు అదే పెద్ద ముడి. దాన్ని విప్పడానికి 2022 వేసవిలో క్యాంపస్ దగ్గర దాదాపు మూడు కిలోమీటర్ల లోతుకు ఒక బోరుబావి తవ్వారు. భూగర్భపు రాతిలోని వేడిని కొలవడానికి వేసిన పరిశీలన బావి అది. ఆ వేడిని పైకి తేవాలంటే ఒక బావిలోంచి నీరు దిగి, రాతి పగుళ్లలో వేడెక్కి, ఇంకో బావిలోంచి పైకి రావాలి. అంటే మరిన్ని బావులు తవ్వాలి. డబ్బు, అనుమతులు, ఏళ్ల తరబడి కొలతలు, ఊరి ఒప్పుదల, ఇలా నాకు అవసరమైనవన్నీ వాటికీ అవసరమే.