మావాడు ఏమీ చేయడండీ

లిఫ్ట్ తలుపు తెరుచుకునేలోపే మూడో అంతస్తు బాబాయిగారి గొంతు వినబడుతుంది: "మావాడు ఏమీ చేయడండీ!" ఆ మాట విన్నవాళ్లు వెంటనే గోడకి అతుక్కుపోతారు. మావాడంటే సీజర్, నాలుగేళ్ల లాబ్రడార్. మనుషుల విషయంలో బాబాయిగారి మాట అక్షరాలా నిజం. కొరియర్ కుర్రాడి చెయ్యి కూడా నాకుతాడు. ఇంకో కుక్క కనబడిందా, బిల్డింగ్ దద్దరిల్లాల్సిందే.

ఇలాంటి బాబాయిగారు హైదరాబాదులో అపార్ట్‌మెంటుకి ఒకరుంటారు. ఈయన రిటైరైన బ్యాంకు మేనేజరు కాబట్టి దేనికైనా కారణం తేలాలి. ఒక వారం జాతి లక్షణం అంటారు, ఇంకో వారం అవతలి కుక్క పెంపకం బాలేదంటారు. ఎక్కువకాలం 'ఆల్ఫా' దగ్గర ఆగారు. మందలో పెద్ద తోడేలు ఎవరినీ లెక్కచెయ్యదట, సీజర్‌దీ అదే నాయకత్వమట. ఆ మాటని తన 1970 నాటి పుస్తకంతో జనంలోకి తెచ్చిన శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ 1999లో తనే కాదన్నాడు, అడవిలో తోడేళ్ల గుంపంటే అమ్మా నాన్నా పిల్లలేనని తేల్చాడు. ఆ సంగతి చెబితే, "ఆయన కుక్కని పెంచాడా?" అన్నారు బాబాయిగారు.

సీజర్‌ని 35వ రోజునే తెచ్చుకున్నారు, చిన్నప్పుడే తెస్తే బాగా మాలిమి అవుతాడని. 8 వారాలు నిండని పిల్లల్ని అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడు కుయ్యోమంటాడో తోబుట్టువులతో కలబడితేనే కుక్కపిల్లకి తెలుస్తుంది మరి. ఆ తరవాత పార్వో వైరస్ భయంతో, టీకాలన్నీ అయ్యేదాకా గడప దాటనివ్వలేదు. 3 నుంచి సుమారు 12 వారాల వయసులోనే కుక్కపిల్లకి లోకం అలవాటవుతుందని స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు 1965లోనే పుస్తకం రాశారు. చంకనేసుకుని వీధి చూపించినా సరిపోయేది. సీజర్ ఆ వయసంతా సోఫా మీద టీవీ సీరియళ్లతో గడిపాడు.

ఇక ఆయన గొలుసు పట్టే తీరు చూసి తీరాలి. కుక్కలు తమంతట తాము కలుసుకుంటే ముఖాముఖి రావు. వంపు తిరిగి పక్కగా వచ్చి, వెనకవైపు వాసన చూసి, ఎవరి దారిన అవి పోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ కింద పడుకున్న వీధికుక్క తలెత్తగానే బాబాయిగారు గొలుసుని గుప్పిటకి రెండు చుట్లు చుట్టి, "వద్దు నాన్నా, వద్దు, వద్దురా!" అని శ్రుతి పెంచుకుంటూ పోతారు. సీజర్ మెడ పైకి లేస్తుంది, ఛాతీ ముందుకొస్తుంది, ముందుకాళ్లు గాల్లో ఉంటాయి. అవతలి కుక్క కంటికి అది కయ్యానికి కాలు దువ్వడమే. సీజర్ పారిపోదామంటే గొలుసు అడ్డం, ఇక చేతనైంది అరవడమే. అరిస్తే అవతలిది తప్పుకుంటుంది, అంచేత మర్నాడు ఇంకాస్త ముందే మొదలుపెడతాడు.

"తోక ఊపుతున్నాడు చూడండి, స్నేహానికే!" అంటారాయన. యజమానిని చూస్తే తోక కుడివైపుకీ, కొత్త కుక్కని చూస్తే ఎడమవైపుకీ ఎక్కువ ఊగుతుందని 2007లో ఇటలీ శాస్త్రవేత్తలు కొలిచి చెప్పారు. అది విన్న దగ్గర్నుంచి డైరీలో కుడియెడమల పద్దు రాస్తున్నారు.

అలాగని చెడ్డమాట అనబుద్ధి కాదు. సీజర్ చెవిలో చీము పట్టినప్పుడు, రాత్రంతా వాడి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నది ఈయనే. నొప్పి ఉన్న కుక్క దేన్నీ దగ్గరికి రానివ్వదని డాక్టరు చెబితే, ఆ ఒక్క కారణాన్నీ మారుమాట్లాడకుండా ఒప్పుకున్నారు.

మొన్న ఆయనకి జ్వరమొస్తే వాచ్‌మన్ కొడుకు సీజర్‌ని తిప్పాడు. ఒక చేతిలో ఫోను, రెండో చేతిలో వదులుగా వేలాడే గొలుసు. వీధికుక్క లేచింది. కుర్రాడు దాన్ని పట్టించుకోకుండా రోడ్డుకి అవతలివైపు నడిచాడు. రెండు కుక్కలూ గాలి వాసన చూసి ఊరుకున్నాయి. బాల్కనీలోంచి ఇదంతా చూసిన బాబాయిగారు, "మావాడికీ ఒంట్లో బాగున్నట్టు లేదు" అని వెంటనే డాక్టరుకి ఫోన్ చేశారు.

ఇప్పుడు జ్వరం తగ్గింది. సాయంత్రం ఆరున్నరకి మళ్లీ ఆయనే కిందికి దిగుతున్నారు. ఆ వేళకి మీ కుక్కని తిప్పే పనుంటే వెనక గేటు వాడండి.