రిజిస్టర్‌లో అంతా క్షేమం

మా రోజుల్లో డ్రమ్ము మీద లేబులనేది ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. లోపలున్నది టోలుయీనా, అసిటోనా, మిథనాలా అని తేల్చుకోవాలంటే మూత తిప్పి ముక్కు పెట్టడమే. బాలానగర్ ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన కెమిస్టులు జీడిమెట్ల చుట్టుపక్కల చిన్న చిన్న బల్క్ డ్రగ్ యూనిట్లు పెడుతున్న కాలమది. నేను చేరిన యూనిట్‌లో ఎవడి ముక్కు పదునైతే వాడే పెద్ద ఆపరేటరు. కాసేపు పీల్చాక ముక్కు మొద్దుబారుతుందనీ, వాసన తెలియకపోతే ఆవిరి పోయినట్టు కాదనీ మాకెవరూ చెప్పలేదు.

షిఫ్టు దిగేటప్పుడు చేతులకంటిన రంగు వదలాలంటే సబ్బెవడికి కావాలి? మగ్గుడు టోలుయీన్! వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా పొలుసులు లేచేది. డ్రమ్ములోంచి మిథనాల్ తీయాలంటే రబ్బరు పైపు వేసి నోటితో లాగడం. అది కాస్త ఎక్కువ గొంతు దిగితే కళ్లు పోతాయి, ప్రాణమూ పోతుంది. వీటన్నిటికీ విరుగుడుగా యాజమాన్యం పోసేది గ్లాసు పాలు, పెట్టేది బెల్లం ముక్క. ఊపిరితిత్తుల్లోకి పోయిన ఆవిరిని పొట్టలోకి పోయిన పాలు ఎక్కడ పట్టుకుంటాయో!

కాబట్టి ఆ రోజులే బంగారమని నేననను. కానీ ఈ రోజుల్లో జరిగేది చూస్తే ఒళ్లు మండుతోంది.

మొన్న మార్చి 4న, జాతీయ భద్రతా దినమని ఒక ఫ్యాక్టరీ వాళ్లు పిలిచి శాలువా కప్పారు. ప్రతిజ్ఞ, క్విజ్, ఫ్లెక్సీలు, టిఫిన్లు. అన్నీ అయ్యాక ప్లాంటు చూపించారు. ట్యాంకులోంచి డ్రమ్ముల్లోకి టోలుయీన్ దించుతున్నారు. ఎర్తింగ్ క్లిప్పు డ్రమ్ము అంచుకు పట్టే ఉంది. వంగి చూద్దును కదా, దాని పళ్లు ఆనింది దళసరి నీలం పెయింటు మీద!

"ఏం బాబూ, ఇది ఇనుముకు తగిలిందా?"

"క్లిప్పు పెట్టాం కద సార్. చెక్‌లిస్టులో టిక్కు కూడా ఉంది."

చూశాను. ఆ ఒక్క డ్రమ్ముకే కాదు, షిఫ్టు ముగిసేదాకా టిక్కులు ముందే పెట్టేసి ఉన్నాయి.

టోలుయీన్ పైపులో పరుగెత్తుతుంటే స్థిర విద్యుత్తు పుడుతుంది. అది కరెంటును సరిగా పోనివ్వని ద్రవం కనుక పుట్టింది పుట్టినట్టే పేరుకుంటుంది. నేలలోకి దారి చూపకపోతే నిప్పురవ్వై దూకుతుంది. 4 డిగ్రీల దగ్గరే టోలుయీన్ అంటుకునేంత ఆవిరి వదులుతుంది. మన హైదరాబాదులో అంత చలి ఎప్పుడు పడింది గనక? ఏడాది పొడుగునా అది సిద్ధమే. పైగా ఆ ఆవిరి గాలికంటే మూడు రెట్లకు పైగా బరువు. నేలబారున పాకుతూ ఎక్కడో ఉన్న మోటారు స్విచ్చు దాకా పోతుంది.

మాస్కులంటారా, మాకు తువ్వాలే గతి. వీళ్లకు కార్బన్ క్యాట్రిడ్జి మాస్కులున్నాయి. ఉండి ఏం లాభం? సంచిలో పెట్టి మూయకుండా రియాక్టరు పక్కనే మేకుకు తగిలించారు. అందులోని బొగ్గు రాత్రంతా ఆ గాలిలోని ఆవిరి పట్టి, పొద్దున మనిషి తొడుక్కునేసరికే సగం పనికిరాకుండా పోతుంది. ఇంకో కుర్రాడికైతే దుమ్ము మాస్కిచ్చారు. దుమ్మునాపే గుడ్డ ఆవిరినెక్కడ ఆపుతుంది?

ఆ కుర్రాడు కాంట్రాక్టరు తెచ్చిన హెల్పరు. ఒడిశా నుంచి వచ్చి వారం కాలేదట. డ్రమ్ములో ఏముందని అడిగితే "సాల్వెంట్ సార్" అన్నాడు. ఏ సాల్వెంటో తెలియదు. 16 విభాగాల సేఫ్టీ డేటా షీటు ఇంగ్లీషులో, ఆఫీసు బీరువాలో భద్రంగా ఉంది. మా కాలంలో చదువు లేకపోయినా, ఏళ్ల తరబడి ఒకే రియాక్టరు దగ్గర నిలబడ్డ మనిషి దాని చప్పుడు మారితే పట్టేసేవాడు. కొత్తగా వచ్చినవాణ్ని పక్కన నిలబెట్టుకుని నేర్పేవాడు. ఇప్పుడు నేర్చుకునేలోపే కాంట్రాక్టు మారిపోతుంది.

చట్టం లేదా అంటే, ఉంది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదం ముంచుకొస్తోందనిపిస్తే కార్మికుడు హెచ్చరించవచ్చనీ, యాజమాన్యం వెంటనే సరిదిద్దాలనీ రాశారు. రాసిన ఇన్నేళ్లకు, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లో సాల్వెంటు కారి, ఆవిరి కమ్మి పేలితే 17 మంది పోయారు. ఆ తర్వాత కూడా టిక్కులు ముందే పడుతున్నాయంటే ఏమనాలి?

పెయింటు గీకి క్లిప్పు పెట్టడానికి అరనిమిషం చాలు. డ్రమ్ములో ఉన్నదేమిటో, అదేం చేస్తుందో ఆ కుర్రాడి భాషలో చెప్పించడానికి పావుగంట. తేడాగా అనిపిస్తే ఎవరినీ అడక్కుండా పంపు ఆపే హక్కు వాడికుండాలి, ఆపినందుకు కూలి కోయకూడదు. ఈ మాటంటే సూపర్‌వైజరు నసిగాడు: "ప్రొడక్షన్ ఆగుతుంది సార్."

ఆగనీ నాయనా! ప్రొడక్షన్ రేపు మళ్లీ మొదలెట్టుకోవచ్చు. ఈ మాట మీ మేనేజరు నోట వినేదాకా నన్ను శాలువాలకు పిలవకండి.