ఉప్పునీటి అక్వేరియంలో నాచు: చెయ్యి తడవకుండా వదిలించుకునే ఉపాయాలు

ఉప్పునీటి అక్వేరియం పెట్టిన కొన్నాళ్లకే అద్దాలు పచ్చబడతాయి. రాళ్లకు జుట్టు మొలిచినట్టు నాచు పడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు వచ్చి నైట్రేట్ అనీ, ఫాస్ఫేట్ అనీ, వారం వారం నీళ్లు మార్చాలనీ పాఠం మొదలుపెడతారు. వినకండి. అంత డబ్బు పోసి ట్యాంకు కొన్నది సోఫాలో కూర్చుని చూడటానికి, బకెట్లు మోయడానికి కాదు. కింది పద్ధతులు వరసగా పాటించండి. నడుం వంచే పని ఉండదు.

1. కుళాయి నీళ్లే పోయండి. ఆర్‌వో, డీఐ ఫిల్టర్లలో వడకట్టిన నీళ్లలోనే సాల్ట్ మిక్స్ కలపాలంటారు. దండగ. బోరు నీళ్లు దొరికితే వదలకండి. నైట్రేట్, సిలికేట్ లాంటివి చాలాచోట్ల అందులోనే ఉంటాయి కాబట్టి మీరు వేరే కలపక్కర్లేదు. సిలికేట్ ఉంటే ముందుగా గోధుమరంగు డయాటమ్ పొర వస్తుంది. ఇసుకకు మంచి రంగొచ్చిందని సంతోషించండి. విశాఖలో ఉండేవాళ్లకు సాల్ట్ ఖర్చు కూడా లేదు. క్యాన్ పట్టుకుని బీచికి వెళ్లండి. ఊరి కాలువ సముద్రంలో కలిసేచోట, వాన పడిన మర్నాడు ముంచుకోండి. లోతుకు వెళ్తే ప్యాంటు తడుస్తుంది.

2. ఆవిరైన నీళ్ల బదులు ఉప్పునీళ్లే పోయండి. ఆవిరైపోయేది నీరేననీ, ఉప్పు ట్యాంకులోనే మిగులుతుందనీ, కాబట్టి మంచినీళ్లే పోయాలనీ అంటారు. సాంద్రత 1.025 దగ్గర ఉండాలట. ఉప్పునీటి చేపలకు ఉప్పెక్కువైతే నష్టమేమిటి?

3. మేత ధారాళంగా వెయ్యండి. గడ్డకట్టిన రొయ్యల ముక్కలు కరిగిన నీళ్లతో సహా గుమ్మరించండి. ఆ నీళ్లు వడకట్టి పారబోస్తే ఫాస్ఫేట్ తగ్గుతుందట, అది పిసినారుల పని. చుట్టాల పిల్లలొస్తే డబ్బా వాళ్ల చేతికే ఇవ్వండి. తినగా మిగిలింది రాళ్ల వెనక్కి పోతుంది. వెనకున్నది సోఫాలోంచి కనపడదు కాబట్టి దాని గురించి ఆలోచించే అవసరం లేదు. ప్రోటీన్ స్కిమ్మర్ గుడగుడ సీరియల్‌కి అడ్డమొస్తుంటే సాయంత్రం ఆపెయ్యండి. పొద్దున ఆన్ చెయ్యడం మర్చిపోయినా కంగారు లేదు. ఎలాగూ దాని కప్పులో చేరే నల్లటి కషాయం వాసన ఎవరూ భరించలేరు.

4. లైటు ఆర్పకండి. రోజుకు ఎనిమిది గంటలు చాలంటారు. అర్ధరాత్రి మంచినీళ్లకు లేచినప్పుడు హాల్లో వెలుగుండొద్దూ? తూర్పు కిటికీ పక్కన పెడితే పొద్దుటి ఎండ కూడా కలిసొస్తుంది.

5. పని నత్తలకు అప్పగించండి. టర్బో నత్తలు వందకు తక్కువ కొనకండి, ట్యాంకు చిన్నదైనా సరే. కొత్త నీటికి మెల్లగా అలవాటు చెయ్యాలంటే గంట పడుతుంది, అందుకని సంచి కత్తిరించి నేరుగా వదిలెయ్యండి. వెల్లకిలా పడిన నత్తను తిప్పకండి. టర్బో నత్త చాలాసార్లు తనంతట తాను లేవలేదు, అది విశ్రాంతి తీసుకుంటోంది. చచ్చి కుళ్లితే అమ్మోనియా, అందులోంచి నైట్రైట్, అందులోంచి నైట్రేట్, దాంతో మళ్లీ నాచు. చూశారా, నత్తకు మేత కొనే పనే లేదు. వీటికి తోడు ఒక యెల్లో టాంగ్ తెచ్చుకోండి. హవాయి పగడపు దిబ్బల మీద రోజంతా నాచు మేస్తూ తిరిగే చేప అది. మన రెండడుగుల ట్యాంకులో తిరగక్కర్లేదు కాబట్టి సుఖపడుతుంది.

6. పచ్చ గోళీల్లా మెరిసే బుడగ నాచు కనపడితే అక్కడికక్కడే చిదమండి. చిదిమితే లోపలున్నది ట్యాంకంతా పరుచుకుంటుందనీ, రాయి బయటికి తీసి జాగ్రత్తగా వొలవాలనీ చెప్పేవాళ్లకు వేరే పనిలేదు. అప్పటికీ లొంగకపోతే రాగి ఉన్న మందు వెయ్యండి. చుక్కలు లెక్కపెట్టకండి, కంటి అంచనా చాలు. నత్తలు, రొయ్యలు, పగడాలు తట్టుకోలేవు. నాచు తట్టుకున్నా, ట్యాంకులో హడావుడి మాత్రం తగ్గుతుంది.

7. టెస్ట్ కిట్ ఒక్కసారి వాడండి, అదీ రాళ్ల మీద జుట్టు నాచు బాగా పెరిగాక. నీళ్లలో నైట్రేట్ సున్నా చూపిస్తుంది, ఉన్నదంతా నాచే పీల్చేసింది కాబట్టి. ఆ పరీక్షనాళికను ఫోటో తీసి దాచుకోండి. ఇంట్లోవాళ్లు గొడవపెట్టినప్పుడల్లా చూపించండి. ఇక నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ నిజంగానే సున్నాకి దిగిపోతే డైనోఫ్లాజెల్లేట్లు దిగొచ్చు. గోధుమరంగు జిగురు, దారాలు దారాలుగా, చివర గాలిబుడగలతో. వాటిని చూసి మురిసిపొండి, ఖాళీగా ఉన్న ట్యాంకు నిండుతుంది.

8. చుట్టాలొచ్చే రోజు మాత్రం అద్దం గీకండి, అదీ ముందువైపు, సోఫాలో కూర్చున్న మనిషి కంటికి ఎదురుగా, పుస్తకమంత మేర. మిగతాది చీకటిగా ఉంటే లోతు కనపడుతుంది. పాత ఏటీఎం కార్డు చాలు. అంచున గీత పడితే పడనివ్వండి, నాచు మళ్లీ కప్పేస్తుంది. ఎవరైనా అడిగితే "ఇది సహజ పద్ధతి బాబాయ్, విదేశాల్లో అంతా ఇలాగే" అనండి. వాసన గురించి అడిగితే కిటికీ తెరవండి. ఆ మాట, ఈ కిటికీ రెండూ సిద్ధంగా ఉంటే ఏడాది గడుస్తుంది.

9. పీకిన నాచును సముద్రంలోనో, చెరువులోనో పారెయ్యండి. కాలెర్పా టాక్సిఫోలియా అనే అక్వేరియం నాచు 1984లో మొనాకో తీరాన ఒక చిన్న మచ్చలా కనపడింది. తర్వాత మధ్యధరా సముద్రంలో వేల హెక్టార్లకు పాకింది. 2000లో కాలిఫోర్నియాలో బయటపడితే, నిర్మూలించామని ప్రకటించడానికి 2006 వచ్చింది. ఇంటి అక్వేరియంలోంచి అంత పేరు తెచ్చుకునే అవకాశం ఇంకెక్కడ దొరుకుతుంది? చెత్తబుట్టలో వేసి వృథా చెయ్యకండి.

10. చేపలన్నీ పోయాక ట్యాంకు అమ్మకానికి పెట్టండి. ఫోటో కొన్న మొదటి వారం నాటిదే వాడండి. "ఊరు మారుతున్నాం, అందుకే అమ్ముతున్నాం" అని రాయండి. స్కిమ్మర్ కొత్తదని రాయండి, నిజంగానే పెద్దగా తిరగలేదు కదా. కొనడానికొచ్చినవాళ్లు నాచు సంగతి అడిగితే ఈ కాగితం వాళ్ల చేతిలో పెట్టి, లిఫ్ట్ దాకా సాగనంపండి.