బాదమాకుకి బిల్లు

సనత్‌నగర్ కాలనీల్లో బాదం చెట్టు లేని వీధి ఉందా? పొద్దున్నే ఊడ్చి కుప్పేసి అంటించే ఆ ఎండుటాకుల్నే మా మనవడు ఆన్‌లైన్‌లో కొన్నాడు. కవరు మీద చేప బొమ్మ, లోపల లెక్కపెట్టి పది ఆకులు. "ఇవి ఆర్గానిక్ తాతా" అన్నాడు. మన గేటు ముందు రాలేవి ఫ్యాక్టరీలో చేసినవా మరి?

ఆ ఆకులు నాని వాడి చేపల తొట్టిలో నీళ్లు డికాషన్ రంగులో ఉంటాయి. బ్రెజిల్‌లో రియో నీగ్రో నది అంతే. అడవి ఆకులు నాని నీళ్లు నల్లబడి పులుపెక్కుతాయి, సున్నం దాదాపు ఉండదు. కార్డినల్ టెట్రా చేపలు అక్కడివే. మాకు దొరికింది వాటి దాయాది నియాన్ టెట్రా, అదీ మద్రాసు నుంచి రైల్లో వస్తేనే.

మా రోజుల్లో తొట్టంటే ఇనుప యాంగిళ్లు, అద్దాలు, పుట్టీ. కారితే మళ్లీ పుట్టీ. నల్లా నీళ్లు బకెట్లలో నిలవుంచి క్లోరిన్ పోయాక పోసేవాళ్లం. గుడ్లు పెట్టించాలంటే అవీ పనికిరావు, బోరు నీళ్లయితే అసలే వద్దు. ఆ సున్నానికి నియాన్ గుడ్డు పొదగదు. అందుకే వానకోసం కాచుకునేవాళ్లం. తొలి వాన డాబా మీది మసి కడిగేదాకా వదిలేసి, తర్వాతి వాన పట్టి, బాదమాకులు నానేసేవాళ్లం. వెలుతురు తగిలితే గుడ్లు పాడవుతాయని తొట్టికి నల్లగుడ్డ చుట్టడం. పిల్లలు ఈదడం మొదలెట్టేసరికి కంటికానని పురుగుల మేత సిద్ధంగా ఉండాలి. క్యాబేజీ ఆకు సీసాలో కుళ్లబెడితే అవే పుట్టేవి, ఇల్లంతా కంపు. మా ఆవిడ తిట్లు వేరే.

ఇప్పుడు ఆర్‌ఓ మిషన్ తిప్పితే మెత్తటి నీళ్లు. ఆ ఒక్కటీ ఒప్పుకుంటాను. కానీ వాడు పెంచే అపిస్టోగ్రామా చేపల్లో ఆడది గుడ్లు అంటించడానికి కొబ్బరిచిప్ప బోర్లిస్తే చాలదూ? పింగాణీ గుహే కావాలి వీడికి. గుడ్లు పెట్టగానే పసుపుపచ్చగా మారి, మొగుణ్ణి కూడా తరిమికొట్టే ఆ తల్లిని ఫోన్లో తీస్తాడే గానీ, తొట్టిలో థర్మామీటరు చూడడు.

మొన్న మే నెల ఎండల్లో పుట్టిన పిల్లలు పెద్దయ్యాయి, దాదాపు అన్నీ మగవే. "జోడీ అమ్మినవాడు మోసం చేశాడు" అని గోల. వేడి పెరిగితే ఈ జాతిలో మగవి ఎక్కువవుతాయని 1996లోనే పరిశోధకులు తేల్చారురా! ఐసు సీసా ఒకటి తేలెయ్యమన్నాను. వినకుండా నీళ్లు చల్లబరిచే చిల్లర్ ధరలు చూస్తున్నాడు. ఆ డబ్బుకి మా కాలంలో, ఇదే సనత్‌నగర్‌లో తయారైన ఆల్విన్ ఫ్రిజ్‌లు రెండొచ్చేవి.