ఆవని పద్ధతిలో ఇంటిబడి

ఇంట్లోనే బడి పెట్టి, పిల్లల్ని ఏడాది పొడుగునా మనమే చదివించుకుందామన్న ఆలోచన మీకు వచ్చిందంటే, ముందు చెంబెడు మజ్జిగ తాగి కాసేపు నడుం వాల్చండి. లేచాక కూడా ఆ ఆలోచన పోలేదా, అయితే ఇది చదువుకోండి. ఈ పద్ధతి పాటించి బాగుపడినవాళ్లు ఇంతవరకు లేరు. చెడిపోయినవాళ్లూ లేరు, ఎందుకంటే కాగితం మీద పెట్టడం ఇదే మొదలు.

సలహాలివ్వడానికి నువ్వెవరంటారా? ఆవని కోడల్ని. కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలోని ఈ ఊరి గుట్ట మీదే వాల్మీకి ఆశ్రమం ఉండేదనీ, సీతమ్మ లవకుశుల్ని కన్నదీ పెంచిందీ అక్కడేననీ మావాళ్ల నమ్మకం. ఆ లెక్కన దేశంలో మొట్టమొదటి ఇంటిబడి మాది. (వాల్మీకి ఆశ్రమం మాదంటే మాదనే ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఉండనివ్వండి.) అది చాలదంటే రెండో అర్హత కూడా ఉంది. 2020 మార్చిలో కరోనాకి బళ్లు మూసేనాటికి మా ఉమ్మడింట్లో నాలుగేళ్లవాడి నుంచి పద్నాలుగేళ్లపిల్ల దాకా పదకొండు మంది. కర్ణాటకలో ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు బడి తలుపులు మళ్లీ తెరిచింది 2021 అక్టోబరు 25న. మధ్యలో ఉన్న పందొమ్మిది నెలలూ నా సర్వీసు.

మొదట చేయాల్సిన పని పిల్లల తండ్రిని దూరంగా ఉంచడం. వాల్మీకి పద్ధతి కూడా అదే. పిల్లలు ఆశ్రమంలో, తండ్రి అయోధ్యలో. పాఠ్యపుస్తకం ఏమో ఆ తండ్రి కథే. మా జిల్లాలో అయోధ్యను బెంగళూరు అంటారు. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాక కేజీఎఫ్ నుంచి వేలమంది తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పనికి పోవడం, చీకటి పడ్డాక దిగడం అలవాటు చేసుకున్నారు. ఇలాంటి తండ్రి రాత్రి భోజనం దగ్గర "ఏం సదివినార్రా?" అని ఒకసారి అడుగుతాడు. దాన్ని పర్యవేక్షణ అంటారు. లాక్‌డౌన్‌లో మగవాళ్లు ఇంట్లోనే ఉన్నారు కదా అని మీరనొచ్చు. ఉన్నారు. ఇంట్లో ఉంటూనే అయోధ్యలో ఉండటం వాళ్లకు పుట్టుకతో వచ్చిన విద్య.

తరవాత పంతులమ్మ ఎంపిక. దీనికి డిగ్రీలు చూడకండి. "నాకు పనుంది" అని అందరికంటే ఆలస్యంగా అన్న మనిషికి ఆ ఉద్యోగం వెళ్తుంది. మా ఇంట్లో మా తోడికోడలు అక్క ఆ మాట ముందే అనేసింది. నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ అందుకుంది. "ఏమ్మే, నువ్వు బియస్సీ గదా. ఆ సదువు ఊరికే పెట్లో పడుండాది. పిల్లోళ్లకు నాలుగచ్చరాలు చెప్పు." మదనపల్లె కాలేజీలో మూడేళ్లు చదివిన జంతుశాస్త్రం ఇన్నాళ్లకు అక్కరకొచ్చిందని సంతోషించాను.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి, నవ్వుకోడానికి పనికొస్తుంది. 2009 విద్యాహక్కు చట్టంలో ఇంటిబడి అనే మాటే లేదు. అసలు బడికి మాత్రం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది దాకా 220. ఇంటిబడికి 365. అరవై మందిలోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లుండాలి. మా పదకొండు మందికీ ఆ రెండో టీచరు ఎవరని నేను అడిగితే, మామ జేబులోంచి సెల్‌ఫోన్ తీసి ఇచ్చారు. ఇక 27వ సెక్షన్ చూశారా, ఎంత దయగల సెక్షనో! జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప టీచర్లకు చదువుకు సంబంధం లేని పనులు చెప్పకూడదట. మా ఇంట్లో దీన్ని తు.చ. తప్పకుండా పాటించారు. జనగణన అంటే రాత్రి పడుకునేముందు పదకొండు తలకాయలూ ఉన్నాయా అని లెక్కపెట్టడం. ఎన్నికలంటే సంగటిలోకి ఏం చేయాలన్న దాని మీద ఓటింగు. విపత్తు సహాయం రోజూ ఉంటుంది.

బోధనా భాష విషయంలో మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోకండి. మా వైపు ఇళ్లలో మాట తెలుగు, రాత కన్నడం. కేజీఎఫ్‌కి పోతే అరవం, సంతలో బేరానికి ఉర్దూ. మామ తన అప్పులపద్దు తెలుగు మాటల్లోనే రాస్తారు, లిపి మాత్రం కన్నడం. నేను మదనపల్లె నుంచి తెలుగు అక్షరాలు తెచ్చుకున్నదాన్ని. పిల్లలకు నేను తెలుగు తలకట్టు నేర్పితే, ఎనిమిదేళ్లది నా పలక లాక్కుని తలకట్టు చెరిపి, అడ్డంగా గీత గీసి, "ఇట్ల రాయల్ల చిన్నమ్మా, నీకు రాయను రాదు" అని దిద్దింది. వారం తిరిగేసరికి నేను రెండో తరగతి కన్నడం పూర్తి చేశాను. పిల్లలకు తెలుగు ఎలా వచ్చిందంటే, ముళబాగిలు మీదుగా పోయే ఆంధ్రా బస్సుల బోర్డులు, బంధువుల పెళ్లి కార్డులు చదివి వచ్చింది. అందుకే మా పిల్లలకు తిరుపతి, చిత్తూరు, పలమనేరు, "బంధుమిత్ర సపరివార సమేతంగా" అన్నవి తడుముకోకుండా రాయడం వచ్చు. తక్కినవి రావు.

ఇక సిలబస్. పుస్తకాలు కొనకండి. పుస్తకం ఉంటే ఎక్కడ ఆగామో తెలిసిపోతుంది.

పట్టుపురుగుల పంట ఉన్న ఇల్లయితే మీ అదృష్టం, జీవశాస్త్రం దానంతటదే నడుస్తుంది. గుడ్డు పగిలినప్పటి నుంచి గూడు కట్టేదాకా నెలకు రెండు మూడు రోజులు తక్కువ. మధ్యలో నాలుగుసార్లు పురుగు మేత మాని, తల పైకెత్తి, కదలక మెదలక ఉండి, పాత చర్మం వదులుతుంది. దాన్ని జ్వరం అంటారు. ఈ పాఠం చెప్పిన మర్నాడు లెక్కల వేళకి తొమ్మిదేళ్లవాడు గోడకానుకుని తల పైకెత్తి కూచున్నాడు. ఏమిరా అంటే, "నాకు రెండో జ్వరం చిన్నమ్మా. కదిలించగూడదు." నాలుగో జ్వరం దాటాక పురుగు ఆకు తినే తిండి చూస్తే పిల్లలకు నిష్పత్తులు అర్థమవుతాయి. అంతకుముందు అంతా కలిపి తిన్నదానికి నాలుగైదింతలు ఆ చివరి వారంలోనే తింటుంది. పెద్ద లెక్కలు కావాలంటే గూటిలోని దారం ఉండనే ఉంది, ఒక్కోటి ఆరేడు వందల మీటర్ల నుంచి కిలోమీటరు దాకా. పదకొండు మంది పిల్లలు రోజూ ఎంత తింటారన్న లెక్క మాత్రం ఎవరికీ ఇవ్వకండి. జవాబు నాకు తెలుసు. చెప్పను.

ఆర్థికశాస్త్రానికి టమాటా. కోలారు మార్కెట్లో 15 కిలోల బాక్సు లెక్క. మా బడి ముగిశాక, 2023 జూలైలో, ఆ బాక్సు 2,000 రూపాయలు దాటింది. కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోసిన ఏళ్లూ పిల్లలు చూశారు. "ఒక రైతు పది బాక్సులు అమ్మెను, అతనికి లాభమెంత?" అని నేనడిగితే పన్నెండేళ్లవాడు పలక పక్కన పెట్టి, "ఏ నెలలో అమ్మినాడు?" అన్నాడు. ఇంతకంటే మంచి జవాబు నేను బియస్సీలో కూడా వినలేదు, కానీ పుస్తకం వెనకాల ఉన్న జవాబు వేరు కాబట్టి సున్నా వేశాను.

చలికాలం వచ్చిందంటే చేతిపని. అనపకాయలు దిగుతాయి. గింజలు నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్ల మధ్య నొక్కితే తోలు చేతిలో, పప్పు ఎదుటివాడి మొహం మీద. పితికిపప్పు కూరకి కనీసం రెండు శేర్ల గింజలు పితకాలి. దీన్ని ఏకాగ్రత పెంచే అభ్యాసం అని పేరుపెట్టి టైంటేబుల్లో రాసుకోండి. మా ఇంట్లో నెలన్నరపాటు సాయంత్రం రెండు పీరియడ్లు అదే. తనిఖీకి ఎవరొచ్చినా పదకొండు మంది తలలు వంచుకుని దీక్షగా పనిచేస్తుంటారు. ఏ కాన్వెంటులో చూస్తారు అలాంటి క్రమశిక్షణ?

భౌతికశాస్త్రానికి మాకు ఇంకో గర్వకారణం ఉంది. కేజీఎఫ్ గనిలో రెండు కిలోమీటర్లకు పైగా లోతున, 1965లో శాస్త్రవేత్తలు న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. ఏ గోడా ఏ కొండా అడ్డు కాకుండా దూసుకుపోయే కణాలవి. ఇది పిల్లలకు వివరించాల్సిన పని పడలేదు. ఎక్కాలు ఒప్పజెప్పమనగానే మావాళ్లు గోడలు, తలుపులు, అత్తమ్మ గుండా ఎక్కడా తగలకుండా పోతారు. కేజీఎఫ్‌లోలాగే నేనూ లోతుగా ఓపికగా కాచుకుంటే ఒకరిద్దరు దొరికేవాళ్లు.

పర్యావరణ పాఠంలో జాగ్రత్త. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి 2018 నుంచి కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారని ఉత్సాహంగా చెప్పాను. ఆరేళ్లది ఆలోచించి అడిగింది. "అంటే నాయన బెంగుళూర్లో తానం చేసిన నీళ్లే మన జిల్లాకొస్తాయా?" అవునన్నాను. "అయితే నాయనే రావచ్చు గదా." ఆ పాఠం అక్కడికి ఆపేశాను.

ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూచోలేదు, ఆ మాట అనకూడదు. 2020 జూలైలో దూరదర్శన్ చందనలో పాఠాలు మొదలుపెట్టారు. ఆగస్టులో 'విద్యాగమ' అని టీచర్లే ఊళ్లలోకి వచ్చి, చెట్ల కింద, గుడి అరుగుల మీద పిల్లల్ని కూచోబెట్టి చెప్పారు. గుట్ట కింద చెట్టు నీడన బడి అంటే వాల్మీకి నాటి పద్ధతే కదా అని మామ మురిసిపోయారు. అక్టోబరుకల్లా అది ఆపేశారు. తిరిగి పదకొండు మందీ, మామ ఫోనూ, నేనూ.

చదువు సరిగా రాదేమోనని భయపడేవాళ్లకు మా తాలూకాలో ఒక మందుంది. ముళబాగిలులో 1887లో పుట్టిన డి.వి. గుండప్ప మెట్రిక్ గట్టెక్కలేదు. మైసూరు విశ్వవిద్యాలయం 1961లో ఆయన్ను పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఇంట్లో ఎవడికి మార్కులు తగ్గినా మామ ఈ కథ చెబుతారు. వినివిని మావాడొకడు సగం పని ఇప్పటికే పూర్తిచేశాడు, తప్పడం వరకు. మిగతా సగమే బాకీ.

బంధువుల తనిఖీకి సిద్ధంగా ఉండండి. ఈ ఆచారం కూడా ఆశ్రమం నాటిదే. ఉత్తరకాండలో శత్రుఘ్నుడు లవణాసురుడి మీదికి పోతూ, లవకుశులు పుట్టిన రాత్రి ఆ ఆశ్రమంలోనే బస చేశాడు. కబురు విని సంతోషించి, తెల్లారి తన దారిన పోయాడు. పన్నెండేళ్లకు తిరిగొస్తూ మళ్లీ అక్కడే దిగాడు, పిల్లలు పాడుతున్న రామాయణం విన్నాడు, సైనికులతో కలిసి ఆశ్చర్యపోయాడు, మళ్లీ పోయాడు. సొంత చిన్నాయన! పిల్లల ఫీజు మాట ఎత్తలేదు, వదినను ఊరికి పిలుచుకుపోతాననలేదు. మా ఇంటికొచ్చిన చిన్నాయనలూ మామలూ ఇంతకు వేలెడు తగ్గలేదు. కాఫీ తాగి, "భలే చెప్తా ఉండావమ్మా" అని, ఇంకో ఇద్దరు పిల్లల్ని వారంపాటు వదిలిపోయారు.

చివరగా పరీక్ష. 1963 నాటి లవకుశ సినిమా చూసి మా పిల్లలు పరీక్షంటే గుర్రాన్ని కట్టేయడమే అనుకుంటారు. గుట్ట గురించి మా ఊరివాళ్లు చెప్పే కథ కూడా ఆ గుర్రం కోసం తండ్రీకొడుకులు చేసిన యుద్ధం చుట్టే తిరుగుతుంది. వాల్మీకిలో గుర్రం గొడవ లేదు, అంతా మౌఖికమే. రోజుకు ఇరవై సర్గల చొప్పున సభలో పాడమని గురువు చెప్పి పంపాడు. మెచ్చుకుని రాజు 18,000 బంగారు నాణేలు ఇవ్వబోతే, అడవిలో దుంపలు తినేవాళ్లకు బంగారమెందుకని పిల్లలు వద్దన్నారు. బంగారు గనుల జిల్లాలో ఇది ఎవరికీ మింగుడుపడని ఘట్టం. మా పెద్ద బావ బెంగళూరు నుంచి వచ్చి పదిహేడో ఎక్కం అడిగి, చెప్పినవాడికి పది రూపాయలు చూపించారు. ఎక్కం ఒక్కడే చెప్పాడు, పది మాత్రం పదకొండు మందీ తీసుకున్నారు. ఎక్కం చెప్పినవాడి భుజం తట్టి, "నా పోలికే" అన్నారు బావ. తక్కిన పదిమంది వైపు చూసి నాతో, "ఏమ్మా, ఇన్నాళ్లూ ఏం చెప్పినట్టు?" అన్నారు.

ఇది పద్ధతిలో భాగమే, కంగారుపడకండి. ఆనాడూ అంతే కదా, పిల్లలు నెగ్గాక పరీక్షకు పిలిచింది తల్లిని.

మా ఊళ్లో గుట్ట కింది రాతిగుళ్ల సముదాయం చూడదగ్గది, పదో శతాబ్దపు నొళంబుల పని. రాముడు, లక్ష్మణుడు, భరతుడు, శత్రుఘ్నుడు, ఒక్కొక్కరి పేరా ఒక్కో లింగం. కొడుకులతో యుద్ధం చేసిన పాపం పోగొట్టుకోడానికి ప్రతిష్ఠించారట. వాలికీ సుగ్రీవుడికీ కూడా చోటు దొరికింది. సీతమ్మ గుడి అక్కడ కాదు, గుట్ట పైన. ఎండలో మెట్లెక్కి పోవాలి. పిల్లల్లేనివాళ్లు పిల్లలు కావాలని మొక్కుకోడానికి ఎక్కుతారు.

బడి తెరవడానికి ముందురోజు నేను పదకొండు మందితో ఎక్కాను. దణ్ణం పెట్టుకుని నిలబడ్డాను కానీ ఏం మొక్కుకోవాలో తోచలేదు. దిగేటప్పుడు బండ మీద కూలబడితే ఆరేళ్లది వచ్చి ఒళ్లో తల పెట్టుకుంది.

"చిన్నమ్మా, రేపట్నించి నువ్వేం చేస్తావు?"

"ముళబాగిలు పోతా ఉండా."

"ఎందుకు?"

"దోశ తినను."

"మేమూ వస్తాం."

"మీకు బడుండాది" అన్నాను. నిజంగానే ఉంది.