చేతనై ఓడిపోవడం

మా రోజుల్లో భారత జట్టు ఓడిపోయిందంటే అందులో వింతేమీ లేదు. ట్రాన్సిస్టరు చెవి దగ్గర పెట్టుకునే ముందే సగం సిద్ధపడి ఉండేవాళ్లం. 1974లో లార్డ్స్‌లో 42 పరుగులకి కుప్పకూలినప్పుడు తిట్టుకున్నాం గానీ ఆశ్చర్యపోలేదు. మబ్బు పట్టిన ఆకాశం కింద క్రిస్ ఓల్డ్, జెఫ్ ఆర్నాల్డ్ బంతిని స్వింగ్ చేస్తుంటే ఆడే విద్య మనకెక్కడిది? నెట్స్‌లో అలాంటి బంతి వేసే మొనగాడే దేశంలో లేడాయె. మెరుపు పోగొట్టి స్పిన్నర్ల చేతికి అందిస్తే చాలని గవాస్కర్ చేత కూడా కొత్త బంతి వేయించిన కాలం అది.

మావాళ్లు చేతగాక ఓడారు. ఇప్పటివాళ్లు చేతనై ఓడుతున్నారు. నా గొడవంతా అదే.

మా మనవడు ఒప్పుకోడు. "మీకు ఓడినవే గుర్తుంటాయి తాతయ్యా" అంటాడు. సరేరా, మనవాడు సెంచరీ కొట్టిన మ్యాచే తీసుకుందాం. 2024 డిసెంబరు, మెల్‌బోర్న్. విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి ఎనిమిదో నంబరులో దిగాడు. 99 మీద ఉండగా అవతల తొమ్మిదో వికెట్ పడింది. ఆఖరివాడు సిరాజ్. కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి. ఆ మూడూ సిరాజ్ కాచుకున్నాడు. తరవాతి ఓవర్లో బోలాండ్‌ని నితీశ్ ఫోర్ కొట్టాడు. స్టాండ్‌లో వాళ్ల నాన్న ఏడ్చాడు, ఇక్కడ మా ఇంట్లో నేనూ ఏడ్చాను.

ఇక ఆఖరి రోజు. టీకి మూడు వికెట్లకి 112. రెండో సెషన్‌లో ఒక్క వికెట్ కూడా పడలేదు. జైస్వాల్, పంత్ నిలదొక్కుకున్నారు. ఇంకొక్క సెషన్ నిలబడితే డ్రా. చేయాల్సిందల్లా ఏమీ చేయకుండా ఉండటం. పంత్‌కి అదే కుదరలేదు. ట్రావిస్ హెడ్ లాంటి పార్ట్‌టైమ్ బౌలర్ పొట్టి బంతి వేస్తే లేపి లాంగాన్‌లో చిక్కాడు. ఆ తరవాత 34 పరుగుల్లో మిగతావన్నీ పోయాయి. 184 పరుగుల ఓటమి. ఆడటం రాకనా? పంత్ ఆడే షాట్లు మా కాలంలో ఎవరి కలలోకీ వచ్చి ఉండవు.

పోనీ అది ఆస్ట్రేలియా, పరాయి గడ్డ అనుకుందాం. అంతకు రెండు నెలల ముందు బెంగళూరులో న్యూజిలాండ్ మీద 46కే ఆలౌట్. ఆ సిరీస్ 3-0తో పోయింది. పన్నెండేళ్లుగా సొంతగడ్డ మీద టెస్టు సిరీస్ ఓడని జట్టది. ఆ వెంటనే పెర్త్ వెళ్లి 295 పరుగుల తేడాతో గెలిచారు! మరుసటి ఏడాది కోల్‌కతాలో దక్షిణాఫ్రికా మీద 124 కొట్టలేక 93కే చాప చుట్టేశారు. ఒక వారం సింహాలు, ఇంకో వారం మేకపిల్లలు. ఎవరిని చూసి టీవీ పెట్టుకోవాలో తెలియడం లేదు.

చెడ్డ గంట ప్రతి మ్యాచ్‌లోనూ వస్తుంది. అది దాటేదాకా నోరు మూసుకుని, బ్యాటు కిందికి దించి కూర్చోవడం ఒక అలవాటు. ఇరవై ఓవర్ల ఆటలో ఆ అలవాటుకి చోటెక్కడుంది? నాలుగు బంతులు ఖాళీగా పోతే డగౌట్‌లో మొహాలు మాడిపోతాయి. ఇవాళ డకౌటైనా ఎల్లుండి ఇంకో ఊళ్లో ఇంకో మ్యాచ్. రోజంతా ఎండలో వికెట్ కాపాడుకోవడం నేర్పే రంజీకి పెద్దవాళ్లు మొహం చాటేశారు. ఆస్ట్రేలియాలో తలబొప్పి కట్టాక 2025 జనవరిలో బోర్డు తరిమితే గానీ వెళ్లలేదు. కోహ్లీ పన్నెండేళ్ల తరవాత రంజీ ఆడాడట. అదొక పండగ!

జట్టుకి మనసు బాగుచేసే కోచ్ కూడా ఉండేవాడు, ప్యాడీ ఆప్టన్ అని. 2011లో కప్పొచ్చింది కాబట్టి ఆయన్నేమీ అనను. మా హైదరాబాద్ జైసింహకి మాత్రం అలాంటివాళ్లెవరూ లేరు. 1968లో గాయపడ్డవాళ్ల బదులు మధ్యలో పిలిపిస్తే విమానం దిగి, ప్రాక్టీసు పెద్దగా లేకుండానే బ్రిస్బేన్‌లో 74, 101 కొట్టాడు. మ్యాచ్ 39 పరుగులతో పోయిందనుకోండి. కెప్టెన్ పటౌడీకి చూపున్నది ఒక కంటికే. ఆ టూర్‌లోనే మెల్‌బోర్న్‌లో తొడ కండరం పట్టేసినా 75, 85 చేశాడు.

ఆస్ట్రేలియా మీద 2001 కోల్‌కతా టెస్టు అయితే చెప్పనే అక్కర్లేదు. 274 వెనకబడి ఫాలో ఆన్. లక్ష్మణ్, ద్రవిడ్ నాలుగో రోజంతా ఆడారు. ఒక్క వికెట్ ఇవ్వలేదు. అందరూ లక్ష్మణ్ 281 గురించే చెబుతారు, మా ఊరివాడు కాబట్టి నేనూ చెబుతాను. కానీ ద్రవిడ్ సంగతి చూడండి. పరుగులు రాక మూడో స్థానం లక్ష్మణ్‌కి అప్పజెప్పి ఆరులో వచ్చినవాడు, 180 కొట్టాడు.

మనవడు చివరికి 2020 తీస్తాడు. అడిలైడ్‌లో 36కి ఆలౌటైన జట్టే నెల తిరిగేసరికి ఆస్ట్రేలియాలో సిరీస్ గెలిచింది కదా అని. నేననేదీ అదేరా అబ్బాయ్! నెలరోజుల్లో కొత్త విద్యలేమీ నేర్చుకోరు. ఉన్న విద్యకి దిటవు తోడయింది. నాన్న పోయినా ఇంటికి రాకుండా అక్కడే ఉండి బౌలింగు చేసిన సిరాజ్ ఆ జట్టులోనే ఉన్నాడు. 2025లో ఓవల్‌లోనూ వాడే. ఇంగ్లండ్ బ్యాటర్ బ్రూక్ క్యాచ్ పట్టి బౌండరీ తాడు తొక్కాడు, బ్రూక్ సెంచరీ కొట్టేశాడు. ఇంకొకడైతే మర్నాడు తల దించుకునేవాడు. వాడు మిగిలిన నాలుగు వికెట్లలో మూడు తీసి ఆరు పరుగులతో గెలిపించాడు.

కాకినాడ కుర్రాడు హనుమ విహారి ఆ ఆస్ట్రేలియా సిరీస్‌లోనే సిడ్నీ టెస్టులో తొడ కండరం చిరిగినా 161 బంతులు కాచి 23 పరుగులు చేశాడు. అటు నడుం పట్టేసిన అశ్విన్. మ్యాచ్ డ్రా అయింది. 2023 రంజీ క్వార్టర్ ఫైనల్లో, ఇండోర్‌లో, ఎడమ మణికట్టు విరిగితే ఆ కుడిచేతివాడు ఎడమచేతి వాటానికి తిరిగి ఒంటిచేత్తో ఆడాడు. ఆంధ్ర ఓడిపోయింది. అప్పటికే అతన్ని భారత జట్టు నుంచి తప్పించారు. 16 టెస్టులతో సరి. సెలెక్టర్లకి స్ట్రైక్ రేటు కావాలి మరి.