మా బావ, ఆయన ఆవకాయ పేజీలు

ఆవకాయ కలపడంలో మా బావకి వంక పెట్టలేం. దాని గురించి వెబ్‌సైట్లో పేజీలు పెట్టకుండా ఊరుకోవడమే ఆయన వల్ల కాదు. ‘ఆవకాయ ఆన్‌లైన్’ ఒక పేజీ. ‘ఆవకాయ కొనండి’ ఇంకోటి. ‘ఇంటి ఆవకాయ’, ‘అసలైన ఇంటి ఆవకాయ’, ‘అమెరికాకి ఆవకాయ’. ఇవి కాక ఏటా ఉగాదికో పేజీ. అన్నిట్లోనూ అదే జాడీ ఫొటో, అదే గానుగ నూనె, అదే గుంటూరు కారం.

“ఇన్నెందుకు బావా?” అంటే, “ఒకటి తప్పినా ఇంకోటి తగులుతుంది బామ్మర్దీ” అంటాడు. ఒకే పార్టీలో నలుగురు రెబెల్స్ నిలబడితే ఓట్లు ఎలా చీలతాయో గంటసేపు చెప్పగల మనిషికి ఇది మాత్రం ఎక్కదు. ఒక సైటు నుంచి మామూలుగా రెండు లింకులకు మించి పైన చూపించనని గూగుల్ 2019లోనే చెప్పింది. మా బావకి ఒక్కటీ దక్కలేదనుకోండి.

గూగుల్ సెర్చ్ కన్సోల్ తెరిచి, జనం వెతికిన ‘ఆవకాయ ఆన్‌లైన్’ అనే మాట మీద నొక్కి, దానికి కనబడ్డ పేజీల జాబితా చూపించాను. ఒక వారం ఈ పేజీ, మరో వారం ఆ పేజీ. ఏదీ మొదటి పదిలోకి రాదు. ఉన్నవాటిలో గూగుల్ కాస్త పైకి తెచ్చింది ఎప్పటిదో ఉగాది ఆఫర్ని. డల్లాస్ నుంచి ఒకావిడ ఫోన్ చేసి ఆ పాత రేటుకే ఇమ్మని పట్టుబట్టింది. ఇచ్చాడు. పైగా గోంగూర కొసరు.

పోనీ, ఉండాల్సిన పేజీలున్నాయా? బెల్లం ఆవకాయ వెతికేవాళ్లు వేరు, పెసర ఆవకాయ వెతికేవాళ్లు వేరు. వాటికి చెరో పేజీ ఉంటే గొడవే లేదు. వాటినేమో ధరల పట్టిక అడుగున పడేశాడు.

“మంచిదొకటి ఉంచి, మిగతా వాటిలో పనికొచ్చేది అందులో కలిపి, పాత లింకుల్ని 301 రీడైరెక్ట్‌తో దానికి మళ్లించు” అన్నాను. “రాసినవన్నీ పీకేయమంటావా?” అని మొహం చిన్నబుచ్చుకున్నాడు. (అందులో సగం నా చేత రాయించినవే. కాఫీ తప్ప పైసా ముట్టలేదు.) పోనీ అసలు పేజీ ఏదో గూగుల్‌కి సూచిస్తూ కెనానికల్ ట్యాగయినా పెట్టమన్నాను. 2009 నుంచీ ఉన్న సదుపాయమే. పెట్టాడు. ‘ఇంటి ఆవకాయ’ పేజీ ‘అసలైన ఇంటి ఆవకాయ’ని చూపిస్తుంది, అది తిరిగి ‘ఇంటి ఆవకాయ’ని చూపిస్తుంది. “ఎవరికీ అన్యాయం జరగకూడదుగా!”

చివరికి మా అక్క కేకలేస్తే అన్నీ కలిపి ఒక్కటి చేశాడు. కొన్నాళ్లకు ఆ పేజీ పైకొచ్చింది. ఆ సంబరంలో రాత్రికి రాత్రే ఇంకోటి తయారుచేసి లింకు పంపాడు: ‘ఆవకాయ ఆన్‌లైన్‌లో నంబర్ వన్ మేమే!’